ముక్క పరీక్షకు పంపిన పిమ్మట



తెలిసిన సంగతిని దాచి అబద్ధమాడుట తప్పని మనమందరము ఎరుగుదుము. అయితే ఇంకను ఎవరికిని తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పుట ఏమగును? "ఏమీ లేదు, ఊరికే భయపడుతున్నావు" అని ధైర్యము చెప్పువాడును, "అదే అయ్యుంటుంది, ఇక దేవుడే దిక్కు" అని తల ఊపువాడును, ఇద్దరును ఒకే తప్పు చేయుచున్నారా? ఈ ప్రశ్న పండితుల బల్లమీద పుట్టినది కాదు. కడుపు జబ్బుతో పట్టణమునకు పోయి, గొట్టము వేయించుకొని, ముక్క పరీక్షకు ఇచ్చి ఇంటికి వచ్చినవారి మంచముల యొద్ద పుట్టినది.

వారి చేతిలో ఒక కాగితముండును. దానిమీద రంగు బొమ్మలు నాలుగైదు, వాటి క్రింద ఇంగ్లీషు మాటలు కొన్ని. ముక్క ఫలితమునకు వారము దినములు పట్టునని చెప్పి పంపుదురు. ఆ వారములో ఆ కాగితము ఇంటింటికి తిరుగును. మందుల షాపు అబ్బాయి ఒక మాట చెప్పును, ఆర్.ఎం.పి. గారు ఒక మాట చెప్పును, కాలేజీకి పోవు పిల్లలు సెల్‌ఫోనులో ఆ మాటలను వెదకుదురు. ఏ మాట వెదకినను చివరకు క్యాన్సర్ అనియే కనబడునట, అదొక విచిత్రము. తుదకు కాగితము మా యొద్దకు వచ్చును. మేము వైద్యులము కాము. అయినను సంఘములో కాపరి పని చేయువాడు చావు బ్రతుకుల కాగితములను చదువకుండ తప్పించుకొనలేడు గనుక, తెలిసిన డాక్టర్లను అడిగి, కొంత చదివి, మేము నేర్చుకొన్నది ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట ఆ పరీక్ష ఏమిటో చూతము. రాత్రినుండి ఏమియు తినకుండ వెళ్లినవారి గొంతులో తిమ్మిరి మందు చల్లి, చివర కెమెరాయున్న మెత్తని సన్నని గొట్టమును నోటిగుండ లోపలికి పంపుదురు. అన్నము దిగు గొట్టమును, కడుపు సంచిని, దాని తరువాత చిన్న ప్రేగు మొదటి భాగమును డాక్టరు తెరమీద చూచును. పని కొన్ని నిమిషములలో తీరును. అవసరమైనచోట, ఆ గొట్టములోనుండియే చిన్న పటకారు వంటిది పంపి, లోపలి పొరనుండి బియ్యపు గింజకంటె చిన్నవైన తునకలు తీయుదురు. అక్కడ కోసినట్లు రోగికి నొప్పి తెలియదు. అందుచేతనే చాలమంది "ముక్క తీశారా? నాకు తెలియనే లేదే!" అని తరువాత ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యములోనే భయము మొదలగును.

ఆ తునకలను ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు వ్రాసి, లేబరేటరీకి పంపుదురు. అక్కడ వాటిలోని నీటిని తీసివేసి, మైనములో పోసి గట్టిపరచి, మిల్లీమీటరులో వెయ్యవ వంతులు మూడు నాలుగు మాత్రమే మందముండునట్లు పలుచని పొరలుగా కోసి, గాజు పలకమీద పరచి, ఊదా గులాబి రంగులు పట్టించి, అప్పుడు పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూచును. అనుమానమున్నచో వేరొక రంగు వేసి మరల చూచును. కాబట్టి ఆ వారము దినములు ఆఫీసులో ఫైలు నిద్రించు దినములు కావు. ఒకరి చేతినుండి ఒకరి చేతికి పని జరుగుచున్న దినములు. ఇది తెలిసినవానికి ఎదురుచూచుటలో కొంత కోపమైనను తగ్గును.

ఇక కాగితములోని మాటలు. "ఎరిథీమా" అనగా ఎఱ్ఱదనము, అంతే. "గ్యాస్ట్రైటిస్" అనగా కడుపు పొర రేగినట్లు డాక్టరు కంటికి కనబడెనని. "యాంట్రల్" అనునది జబ్బు పేరు కాదు, కడుపు సంచి క్రింది భాగమునకు పేరు. "ఎరోషన్" పైపొర గీరుకొనిపోయినచోటు, "అల్సర్" అంతకంటె లోతుగా దిగిన పుండు. అన్నము దిగు గొట్టము క్రింద పుల్లని రసము ఎగదన్ని పొర చెడినయెడల గ్రేడ్ ఏ మొదలు గ్రేడ్ డి వరకు వ్రాయుదురు. వీటిలో ఏ స్వల్పమైనది, డి తీవ్రమైనది. ఒక తల్లి తన కుమారునికి "గ్రేడ్ ఏ" వచ్చినదని విని, క్యాన్సర్‌కు మొదటి మెట్టని తలంచి మూడు దినములు అన్నము ముట్టలేదు. మరియొక యింట అదే మాటను బడిలో మార్కులవలె భావించి సంతోషించిరి. ఇద్దరికిని చెప్పినవాడు లేడు. "ఆర్.యు.టి. పాజిటివ్" అని వ్రాసినచో, తునకను ఒక పసుపు రంగు మందులో పెట్టగా అది గులాబి రంగునకు మారెనని అర్థము. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి యున్నదని దానివలన తెలియును.

అన్నిటికంటె ఎక్కువ నిద్ర చెరచునది చివరి వరుస: బయాప్సీ తీసితిమి, ఫలితము రావలసియున్నది అని. ముక్క తీసిరనగానే క్యాన్సర్ అనుమానమేనని మన ఊళ్లలో నిశ్చయించుకొందురు. ఇది సరికాదు. పైన చెప్పిన సూక్ష్మజీవి కొరకు ముక్క తీయుదురు. గోధుమ పడని జబ్బు ఉన్నదేమో చూచుటకు చిన్న ప్రేగునుండి తీయుదురు. రక్తము తగ్గుటకు కారణము వెదకుచు తీయుదురు. కడుపు సంచిలో పుండు కనబడినచో, అది చూపునకు మంచిదిగానే ఉన్నను, దాని అంచులనుండి పలుచోట్ల తీయుట వారి పద్ధతి. కడుపు దాటి చిన్న ప్రేగు మొదట వచ్చు పుండు క్యాన్సర్ అగుట బహు అరుదు గనుక, దానికి సాధారణముగా ఆ అనుమానముతో ముక్క తీయరు. అయితే మేము ఒక పక్షముగా మాత్రము మాటలాడరాదు. "గ్రోత్" అనియో, అంచులు ఎత్తుగా సమముగా లేవనియో వ్రాసినప్పుడు డాక్టరు కంటికి భయము కలిగించునది కనబడెననుటయే నిజము. అట్టి కాగితమును పట్టుకొని "ఏమీ లేదు" అనుట ధైర్యము చెప్పుట కాదు.

కంటికి కనబడినది ఒక సాక్ష్యము, సూక్ష్మదర్శిని చెప్పునది రెండవ సాక్ష్యము. మోషే ధర్మశాస్త్రములో ఒకే సాక్షి మాటమీద మనుష్యునికి తీర్పు తీర్చకూడదను కట్టడ ఉన్నది. ద్వితీయోపదేశకాండము పందొమ్మిదవ అధ్యాయము చూడుడి. కడుపు విషయములో ఈ కట్టడ ఎంత అవసరమో డాక్టర్లు బాగుగా ఎరుగుదురు. ఎఱ్ఱగా కనబడిన పొర సూక్ష్మదర్శిని క్రింద మామూలుగా ఉండవచ్చును. నున్నగా, ఆరోగ్యముగా కనబడిన పొరలో వాపు ఉండవచ్చును. చూచిన డాక్టరు తప్పు చూచెనని కాదు. కన్ను చూడగలిగినది కన్ను చూచినది, దానికందనిది మిగిలియున్నది.

తొందరపడి తీర్పు చెప్పుట రోగులకును బంధువులకును మాత్రమే గల బలహీనత కాదు, పెద్ద శాస్త్రమునకును ఉండెను. కడుపులో పుండు పడుటకు చింత, కోపము, కారము, పులుపు కారణములని చిరకాలము నమ్మిరి. ఆస్ట్రేలియాలోని పెర్త్ పట్టణములో రాబిన్ వారెన్ అను పాథాలజిస్టు కడుపు ముక్కలలో వంకర సూక్ష్మజీవులను చూచెను. బారీ మార్షల్ అను యువ డాక్టరు ఆయనతో కలసి వాటిని పలకలమీద పెంచుటకు ప్రయత్నించెను. రెండు దినములు చూచి, ఏమియు మొలవలేదని పలకలను పారవేయుచుండిరి. 1982లో ఈస్టర్ సెలవులు అడ్డము వచ్చుటవలన కొన్ని పలకలు పెట్టెలో ఎక్కువ దినములు ఉండిపోయినవి. సెలవుల తరువాత చూడగా మొలిచియున్నవి! ఆ జీవికి రెండు దినములు చాలవు. అయినను లోకము నమ్మలేదు. 1984లో మార్షల్ తానే ఆ సూక్ష్మజీవుల నీళ్లు త్రాగి జబ్బుపడి, తన కడుపులోనికి గొట్టము వేయించుకొని, తన ముక్కనే పరీక్ష చేయించెను. (ఇది ఎవరును అనుసరింపదగినది కాదు.) 2005లో వారిరువురికి నోబెల్ బహుమానమిచ్చిరి. మన గ్రామములలో నేటికిని పుండుపడినవానిని "ఆ పచ్చడి తినబట్టే" అని నిందించుచునే యున్నాము. కారము మంట పుట్టించవచ్చును గాని, పుండ్లలో ఎక్కువ భాగమునకు కారణము ఈ సూక్ష్మజీవియు, నొప్పి బిళ్లలును. పొలము పనిచేసి ఒళ్లు నొప్పులని సాయంకాలము రెండు బిళ్లలు వేసికొని పండుకొను అలవాటు మన కూలిజనములో ఎంత వ్యాపించినదో చూచుచున్నాము. గోంగూరను నిందించినంత సులభముగా ఆ బిళ్లలను నిందింపము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. యోబు స్నేహితులు ముగ్గురు అతని దుఃఖము విని వచ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చుండిరి. ఒక మాటయు పలుకలేదు. ఆ ఏడు దినములు వారు మంచి స్నేహితులు. ఎనిమిదవ దినమున నోరు తెరచి, తమకు తెలియని కారణములను తెలిసినట్లు వివరించుట మొదలుపెట్టిన తరువాతనే వారు అతనికి భారమైరి. దేవుడు తుదకు వారిమీద కోపించినది వారు వచ్చినందుకు కాదు, పలికినదానికి. ముక్క ఫలితము వచ్చువరకు గడుచు వారము ఇంచుమించు యోబు స్నేహితుల వారమే. మనలో చాలమంది దానిని తిరుగవేయుదుము. మొదటి దినముననే వివరణలన్నియు చెప్పివేసి, ఫలితము వచ్చిన పిమ్మట ఆ యింటి గడప తొక్కము.

మా సంఘములో ఒక పెద్ద కలడు. అరువది దాటినవాడు, కౌలుకు మిరపతోట వేయును. కొన్నాళ్లుగా నీరసము, ఆయాసము. మలము తారువలె నల్లగా పోవుచుండెను. రక్తము బాగుగా తగ్గినదని చెప్పి పట్టణములో గొట్టము వేసిరి. కడుపు సంచి క్రింది భాగములో పుండు, అంచులు కొంచెము ఎత్తు, ఆరు ముక్కలు తీసిరి. హైదరాబాదులో కారు డ్రైవరుగా పనిచేయు కుమారుడు వెంట ఉండెను. డాక్టరు మాట అతడు గది బయట విని, కాగితము మడిచి జేబులో పెట్టుకొని, బస్సులో తండ్రితో "గ్యాస్ ఎక్కువైందంట నాన్నా, మందులిచ్చారు" అని చెప్పెను. ఆ కుమారుడు చెడ్డవాడు కాడు. తండ్రి గుండె పగులునని భయపడెను.

మూడవ దినమున ఆ పెద్ద మాతో ఇట్లనెను: "అయ్యగారూ, గ్యాసుకు దానిమ్మకాయలు కొనిపెట్టే కొడుకు ఎక్కడన్నా ఉన్నాడా? వాడు నాకు చెప్పటం లేదు. నాకు తెలిసిపోయిందని నేను వాడికి చెప్పటం లేదు." ఒకే యింటిలో, ఒకే భయమును, ఇద్దరును వేరువేరుగా మోయుచుండిరి. తండ్రి రాత్రి లేచి కూర్చుండును. కుమారుడు నిద్రపోయినట్లు నటించును. ఇంకొక సంగతియు ఆయన చెప్పెను. పొలము గట్టు విషయములో తమ్మునితో పదకొండు సంవత్సరములుగా మాటలు లేవు. "నాకేమన్నా అయ్యేటట్టుంటే వాడికి కబురంపాలి. గ్యాసే అయితే పంపను, పరువు పోద్ది." మేము నవ్వితిమి, ఆయనయు నవ్వెను. అయితే చూడుడి, కుమారుడు దాచినది కాగితమును మాత్రమే కాదు. తండ్రి తన యింటిని చక్కబెట్టుకొను దినములను కూడ దాచెను.

రోగికి చెప్పకూడదను మన ఆచారములో ప్రేమ లేదని మేమనము. చాల ప్రేమ ఉన్నది. అయినను హిజ్కియా రాజు చరిత్ర జ్ఞాపకము చేసికొనుడి. యెషయా ప్రవక్త ఆయన మంత్రులను ప్రక్కకు పిలిచి గుసగుసలాడలేదు, సూటిగా రాజుతోనే చెప్పెను. చెప్పబట్టియే రాజు గోడతట్టు ముఖము త్రిప్పుకొని ఏడ్చి ప్రార్థింపగలిగెను. పదునైదు సంవత్సరముల ఆయుష్షు ఆ ప్రార్థన వెంట వచ్చినది. అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టుమని ప్రవక్త చెప్పుట కూడ అక్కడనే ఉన్నది, వైద్యమును ప్రార్థనయు అక్కడ జగడమాడలేదు. వినని రాజు ఏమని ప్రార్థించియుండును?

ఇందుకు ఎదురుమాట ఒకటి కలదు, దానిని మేము త్రోసివేయము. రోగియే వినగోరనియెడల? పొరుగు గ్రామములో ఒక ముసలి తల్లి "నాకేం చెప్పొద్దు బాబూ, ఏముంటే అది మా పెద్దమ్మాయితో చెప్పండి, నేను దానిమీద ఆనుకొని ఉంటా" అనెను. అది ఆమె హక్కు. దానిని గౌరవించితిమి. అయితే గమనింపుడి, ఆమెను అడిగిరి, ఆమె చెప్పెను. అడుగకయే రోగి తరపున నిర్ణయించుట వేరు. శరీరము ఎవరిదో కాగితము వారిది. దానిని చదువుటయా చదువకుండుటయా అని చెప్పవలసిన మొదటి నోరు వారిదే. కొడుకుదియు కాదు, కాపరిదియు కాదు.

ఆ కుమారునితో మేము మాటలాడితిమి. ఏమి చెప్పవలెనని అతడడిగెను. నీకు తెలిసినంత చెప్పు, అంతకు మించి ఒక్క మాట చెప్పవద్దు అంటిమి. ఆ సాయంకాలము అతడు తండ్రి మంచము కోడుమీద చేయి వేసి కూర్చుండి, "కడుపులో పుండుంది నాన్నా. అది ఏ పుండో డాక్టరుకే ఇంకా తెలీదు. ఆరు ముక్కలు తీశారు. బుధవారం చెబుతారు" అనెను. తండ్రి కొంతసేపు ఊరకుండి, "ఆరా?" అని మాత్రమనెను. తరువాత పెరుగన్నము అడిగి తినెను. తమ్మునికి కబురు పోయెను. తమ్ముడు రాలేదు, ఆదివారమున తన కోడలిచేత రెండు కొబ్బరిబోండములు పంపెను. పదకొండు సంవత్సరములకు అది ఎంత పెద్ద సంగతియో గట్టు తగాదాలు ఎరిగినవారికి తెలియును.

మేము ఆ యింట చేసిన పని అంతకంటె ఎక్కువ లేదు. కాగితములో ఉన్నది ఉన్నట్లు, లేనిది లేనట్లు చెప్పుట అంత సులభమైనది కాదని మాత్రము ఒప్పుకొందుము. కాపరులయొద్దకు వచ్చువారు సమాచారము కొరకు రారు, మాట కొరకు వత్తురు. "అది కాదని ఒక్క మాట చెప్పండి అయ్యగారూ" అని చేతులు పట్టుకొందురు. చెప్పినచో ఆ రాత్రి వారు నిద్రపోవుదురు, మమ్మును ప్రేమింతురు. ఒక గ్రామములో కొన్ని సంవత్సరముల క్రిందట అట్లే జరిగినది. బయటనుండి వచ్చిన బోధకుడొకడు ఒక స్త్రీ తలమీద చేతులుంచి, జబ్బు పోయినది, మరల ఆస్పత్రికి పోనక్కరలేదని పలికెను. ఇంటివారు సంతోషముతో ఫలితము తెచ్చుకొనుట మానిరి. ఆ కాగితము రెండు మాసములు అక్కడనే పడియుండెను. ఆమె మరల అన్నము మింగలేక పోయినప్పుడు వెళ్లి చూడగా, అది క్యాన్సర్ అని ఆనాడే వ్రాసియుండెను. ఆ రెండు మాసములు ఎవరు తిరిగి ఇత్తురు? దేవుడు స్వస్థపరచునని మేమును నమ్ముచున్నాము. స్వస్థపడినవాడు పోయి యాజకునికి కనబరచుకొనుమని ప్రభువు కుష్ఠరోగితో చెప్పెనని కూడ నమ్ముచున్నాము. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు.

ప్రార్థనను గూర్చి ఒక యౌవనస్థుడు మంచి ప్రశ్న వేసెను. "అయ్యగారూ, ముక్క తీసేశారు. అందులో ఏముందో అది ఇప్పటికే ఉంది. మరి అది కాకూడదని ఇవాళ ప్రార్థన చేస్తే ఏం లాభం?" సెమినరీలో మాకు ఈ ప్రశ్న ఎవరును వేయలేదు. ఆలోచించి ఇట్లు చెప్పితిమి. ఆలస్యముగా తెలిసికొనువారము మనము, దేవుడు కాడు. ఈనాడు మనము చేయు ప్రార్థన ముక్క తీయకమునుపే ఆయనకు తెలిసియున్నది. కాబట్టి దినము గడచిపోయినదని నోరు మూసికొననక్కరలేదు. గెత్సేమనే తోటలో ప్రభువు కూడ తనకు కావలసినది దాచుకొనక అడిగెను. అయితే మేము మరికొన్ని మనవులను చేర్చితిమి: సీసామీద పేరు వ్రాయు చేయి తారుమారు కాకుండునట్లు, మైనము కోయువాని చేయి వణకకుండునట్లు, సూక్ష్మదర్శినిలో చూచువారి కన్ను అలసిపోకుండునట్లు. ఆ యౌవనస్థుడు మా మొదటి జవాబుతో తృప్తిపడెనో లేదో గాని, ఈ మనవులు వ్రాసికొని వెళ్లెను.

సంఘ ప్రార్థనలో పేరు చెప్పుటను గూర్చియు ఒక మాట. ఫలితము రాకమునుపే "ఫలాని సహోదరునికి క్యాన్సర్, ప్రార్థించుడి" అని ప్రకటన చేయు ఆచారము కొన్నిచోట్ల కలదు. ఆదివారము మధ్యాహ్నమునకు అది ఊరంతయు పాకును. అప్పు ఇచ్చినవాడు ఇంటికి వచ్చును, పెండ్లి మాటలు ఆగిపోవును. రోగి చెప్పుమన్నంతయే వేదికమీద చెప్పవలెను. చెప్పవద్దన్నచో పేరు లేకయే ప్రార్థింపవచ్చును.

ఎదురుచూచుదినములలో చేయవలసిన పనులు కొన్ని కలవు. ఇచ్చిన మందులు ఇచ్చినట్లు వాడవలెను. రసము తగ్గించు బిళ్ల సాధారణముగా అన్నమునకు ముందు వేసికొనవలసినది. నొప్పి బిళ్లలు డాక్టరును అడుగక ముట్టరాదు. అయితే గుండె కొరకు ఆస్పిరిన్ వాడుచున్నవారు తమంతట తాము దానిని మానరాదు, అదియు అడుగవలసినదే. రక్తపు వాంతియైనను, మలము తారువలె నల్లగా పోయినను, కండ్లు తిరిగి పడినను బుధవారము వరకు ఆగవద్దు, ఆ రాత్రియే పోవలెను. (రక్తము పట్టుటకు వేసికొను ఇనుము బిళ్లలవలన కూడ మలము నల్లబడును. వాటిని వాడుచున్నట్లు డాక్టరుకు చెప్పుడి.) ఫలితమునకు పోవునప్పుడు మొదటి కాగితమును, బొమ్మలతో సహా, తప్పక తీసికొనిపోవలెను. రెండు సాక్ష్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే డాక్టరునకు సంగతి తెలియును.

రెండవ కాగితములోను భయపెట్టు మాటలుండును. "క్రానిక్ గ్యాస్ట్రైటిస్" అనగా చాలకాలముగా ఉన్న వాపు. "మెటాప్లాసియా" అనగా ఒక రకము పొర మరియొక రకముగా మారుట. అది క్యాన్సర్ కాదు, అయితే కొందరిని అప్పుడప్పుడు మరల చూడవలసియుండును. "డిస్‌ప్లాసియా" అంతకంటె గట్టిగా పట్టించుకొనవలసిన మాట, దానిని విని ఇంటికి వచ్చి కూర్చుండరాదు. "పంపిన ముక్కలలో క్యాన్సర్ కనబడలేదు" అని వ్రాసినచో సంతోషింపవలసినదే. అయితే "పంపిన ముక్కలలో" అను మాటను చదువకుండ దాటిపోవద్దు. ఆ పెద్దకు వచ్చిన కాగితములో అట్లే ఉండెను. సూక్ష్మజీవి ఉన్నది, క్యాన్సర్ కనబడలేదు. కుమారుడు ఆస్పత్రి మెట్లమీద కూర్చుండి ఏడ్చెను. తండ్రి అతనిని లేపవలసివచ్చెను. పదునాలుగు దినములకు మందులిచ్చి, పుండు మానినదో లేదో ఎనిమిది వారముల తరువాత మరల గొట్టము వేసి చూడవలెనని డాక్టరు చెప్పెను, కడుపు సంచిలోని పుండును మానువరకు నమ్మరట. "మళ్లీనా?" అని ఆయన గొణిగెను గాని తేదీని గోడమీద బొగ్గుతో వ్రాసికొనెను.

వేరొక యింటికి వచ్చిన కాగితము అట్లు లేదు. ఆ తల్లి వయస్సు నలుబది ఎనిమిది. అక్కడ పలుకుటకు మాయొద్ద మంచి మాట ఏదియు లేకపోయెను. శస్త్రచికిత్స చేయవచ్చునా అని స్కానింగు తీయుచున్నారు. తన కాగితము తానే చదివించుకొని, తన ప్రశ్నలు తానే ఒక నోటుబుక్కులో వ్రాసికొని, వాటితో డాక్టరు ఎదుట కూర్చుండెను. ఎనిమిది ప్రశ్నలలో ఆరింటికి జవాబు దొరికినదట.

ఫలితము తెచ్చుకొనుటకు పోనివారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. కొందరికి భయము, కొందరికి బస్సు ఛార్జీ, కొందరికి ఒక దినము కూలి. నొప్పి తగ్గినది గదా అని కొందరు. మా గ్రామమునుండి పట్టణమునకు మొదటి బస్సు ఉదయము ఆరున్నరకు. కాగితములిచ్చు కిటికీ పది గంటలకు తెరతురు, వరుస పొడవుగా ఉండును గనుక ముందుగా పోవుట మంచిది. ఒంటరిగా పోలేనివారు ముందటి రాత్రి మాకు కబురంపుడి, వెంట వత్తుము.